మూడు పేటలూ మనవే

1. మఖ కార్తె, మొదటి వారం

పొద్దున అత్తా నేనూ ఇంటిని నీటి మీద తేల్చే పీపాలకు పట్టిన గుల్లలు గీకాం. పదిహేను రోజులకోసారి గీకకపోతే బరువుకు ఇల్లు ఒక పక్కకు ఒరుగుతుంది. మా ఇల్లు ఒరిగితే గొలుసు మీద ఉన్న మిగతా పది ఇళ్ళూ ఒరుగుతాయి. ఒకే లంగరుకు గొలుసుతో ముడిపడ్డ ఇళ్ళను మేం కట్టు అంటాం. మా కట్టుకు పెద్ద మా బంగారమ్మత్త. మా అమ్మా నాన్నా లోతు సముద్రంలో నాచు చేలకు పనికి వెళ్ళి ఉండిపోయాక నన్ను పెంచింది, సిస్టర్ల బడిలో చదివించింది ఆవిడే.

గుల్లలు గీకుతుండగానే హద్దుల ఆఫీసు ప్రకటన చదువుతూ మైకు పడవ వచ్చింది. పదేళ్ళకోసారి మారే పేటల హద్దులు ఈ ఏడు మారతాయి. హద్దులు మారడమంటే మా పట్నంలో నీటి మీద గీతలు కదలడం కాదు. ఇళ్ళనే లాంచీలు లాగి ఈ పేటలోంచి ఆ పేటలోకి మారుస్తాయి. ఈసారి హద్దుల ఆఫీసు ప్రతి ఇంటినీ ఒకే ప్రశ్న అడిగింది: మీ ఇల్లు ఎవరి పక్కన ఉండాలి? అత్త కట్టు కట్టుకూ తిరిగి అందరి చేతా ఒకే జవాబు రాయించింది. మా వాళ్ళ పక్కన.

ఆ జవాబు ఫలించింది. ఏడు పేటల్లో చెదిరి ఉన్న మా కట్టులన్నీ ఒకటి, రెండు, మూడు పేటల్లోకి వస్తాయట. అయిదో పేటలో ఉన్న అత్త చెల్లెలు ఇక మా పక్క గొలుసు మీదే ఉంటుంది. అత్త ఉలి పక్కన పడేసి, తడి చేతులతోనే నా తల నిమిరింది.

"సూసినావేటే, అడిగితే ఇచ్చినారు. ఇన్నాల్లూ అడగడం తెలీలేదు మనకి."

మధ్యాహ్నం కట్టు అంతా బెల్లం పంచారు. అందరికీ ఇంకో సంతోషం కూడా ఉంది. ఈ ఏడు తుఫాను కాలానికి సముద్రపు గోడ లోపల, అల కొట్టని మడుగులోకి వెళ్ళే వంతు మాది. పోయిన ఏడు గోడ బయటే ఉన్నాం. మా కట్టులో పదమూడు ఇళ్ళు ఉండేవి. పదకొండు మిగిలాయి.

2. మఖ కార్తె, రెండో వారం

కొత్త హద్దుల పటం మా బడి లైబ్రరీకి వచ్చింది. పట్నంలో అంత పెద్ద గోడ ఉన్న గది ఇదొక్కటే. నేను లైబ్రరీలో పని చేస్తాను కాబట్టి దానికి రంగులు వేసే పని సిస్టర్ అనస్తాసియా నాకు అప్పగించారు. పేటకు ఒక రంగు వేయమన్నారు.

నేను ముందు పాత పటం తీసి మా కట్టుల ఇళ్ళకు ఆకుపచ్చ వేశాను. ఎవరూ వేయమనలేదు. చూడాలనిపించింది, అంతే. మా కట్టుల వాళ్ళు వంతు పార్టీకి ఓటు వేస్తారు. మడుగులో నాలుగు పేటలకే చోటు ఉంది కాబట్టి ఏటేటా వంతులు మారాలన్నది ఆ పార్టీ మాట. మిగతా ఇళ్ళు ఎక్కువగా ఖాయం పార్టీవి. చోట్లు ఒక్కసారి ఖాయం చేసేస్తే ఏటా ఈ లాగుడూ ఈ తగవులూ ఉండవన్నది వాళ్ళ మాట. ఇంటికి ఒక ఓటు, పేటకు ఒక సభ్యుడు.

పాత పటంలో నాలుగు పేటల్లో ఆకుపచ్చ సగం కంటే కాస్త ఎక్కువ. మిగిలిన మూడింటిలో అక్కడక్కడా చుక్కలు. సభలో ఏడుగురికి నలుగురు మావాళ్ళు. అందుకే వంతు నిలిచింది.

తర్వాత కొత్త పటంలోనూ ముందు మా ఇళ్ళకు ఆ రంగే వేశాను. మూడు పేటలు దాదాపు మొత్తం ఆకుపచ్చ అయిపోయాయి. కుంచె ముంచి ముంచి వేశాను. నాలుగో పేటకు వచ్చేసరికి ఆ రంగుతో పనే లేకపోయింది.

కుంచె పట్టుకుని అలాగే నిలబడ్డాను. ఎవరూ ఊరు వదిలి వెళ్ళలేదు. ఎవరూ మనసు మార్చుకోలేదు. అవే ఇళ్ళు, అవే ఓట్లు. నలుగురు ముగ్గురయ్యారు. పొరపాటు పడ్డానేమోనని మళ్ళీ లెక్క పెట్టాను. సిస్టర్ వచ్చి, ఒంట్లో బాగోలేదా అని అడిగారు. బాగానే ఉందన్నాను.

3. మర్నాడు

అత్తకు చెప్పాను. ఆవిడ రొయ్యలు ఒలుస్తూ వింది. చేయి ఆపలేదు.

"మూడు పేటలూ మనవే గదే. నూటికి తొంబయ్యయిదు మనోల్లే. ఇంకేటి కావాల?"

గెలవడానికి యాభై ఒకటి చాలు అత్తా అన్నాను. మిగతా నలభై నాలుగు ఓట్లూ ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. అవే ఇదివరకు పక్క పేటలో ఉండి ఇంకో సభ్యుణ్ణి గెలిపించేవి. సభలో ఖాయం పార్టీ వాళ్ళు నలుగురైతే వంతు తీసేస్తారు. ఈ ఏడు మనం మడుగులోకి వెళ్ళం. వచ్చే ఏడూ వెళ్ళం.

అప్పుడు చేయి ఆగింది. నా ముఖంలోకి చూసింది, చిన్నప్పుడు జ్వరం ఉందో లేదో చూసినట్టు.

సాయంత్రం తాతారావు గారిని పిలిపించింది. ఆయన రెండో పేట సభ్యుడు, వంతు పార్టీ. కట్టులోనే పుట్టిన మనిషి. అత్తకు వరసకు తమ్ముడు. టీ ఇచ్చి, నన్ను చెప్పమంది. నేను నేలకేసి చూస్తూ చెప్పాను. ఆయన చివరిదాకా విన్నారు. ఆశ్చర్యపోలేదు. నన్ను నిలువునా నీరు చేసింది అదే. ఆయనకు ముందే తెలుసు.

"అక్కా, ఎన్నికొచ్చినప్పుడల్లా ఇరవై ఓట్ల కోసం గుమ్మం గుమ్మం ఎక్కి దిగీవోన్ని," అన్నారాయన. "ఇంక తిరగక్కర్లేదు. నా పేట నాది. మూడు సీట్లు ఎవుడూ కదపలేని సీట్లు. పిల్ల సదువుకుంది, మంచిదే. అందర్నీ బెదరగొట్టకండి."

ఆయన వెళ్ళాక అత్త టీ గ్లాసు తీయలేదు. అడుగున చక్కెరతో ఆ గ్లాసు అక్కడే ఉండిపోయింది.

4. పుబ్బ కార్తె

హద్దుల ఆఫీసుకు ఒక్కదాన్నే వెళ్ళాను. మెట్ల దగ్గర రెండుసార్లు వెనక్కి తిరిగాను. అక్కడి అధికారి ఇందుమతి గారు మర్యాదస్తురాలు. కుర్చీ చూపించారు, మజ్జిగ తెప్పించారు. ఎవరో నన్ను కసురుతారనుకుని వెళ్ళాను. ఆవిడ మెత్తగా మాట్లాడేకొద్దీ నేను మజ్జిగ గ్లాసు కేసే చూస్తూ విన్నాను.

హద్దులు మనుషులు గీయరని చెప్పారు. గతంలో గీసినప్పుడు ప్రతిసారీ గొడవలయ్యాయట. ఇప్పుడు యంత్రం గీస్తుంది. దానికి ఏ పార్టీ ఏదో తెలియదు. మనుషుల జవాబులు ఇస్తారు, ఎక్కువమంది కోరిక తీరేలా అది ఇళ్ళు సర్దుతుంది.

"మీ వాళ్ళ కోరిక నూటికి నూరు పాళ్ళు తీరింది," అన్నారు. "పట్నంలో ఇంకెవరికీ అంత తీరలేదు."

మిగతా ఇళ్ళ వాళ్ళు ఏం రాశారని అడిగాను. వాళ్ళలో చాలామంది ఎవరి పక్కనైనా సరే అని రాశారట. వాళ్ళకు కట్టులు లేవు. ఇంటికో లంగరు.

ఆ ప్రశ్న ఎవరు పెట్టారని అడిగాను. రెండు పార్టీల వాళ్ళూ కూర్చున్న కమిటీ పెట్టింది. ఖాయం పార్టీ ప్రతిపాదించింది. మీ తాతారావు గారు బలపరిచారు. ఇందులో దాచాల్సిందేమీ లేదన్నట్టు చెప్పారావిడ. నిజంగానే ఏమీ దాచలేదు. ఎవరూ అబద్ధం ఆడలేదు, ఎవరూ ఏదీ దొంగిలించలేదు. మా అత్తను, మీకు మీ వాళ్ళంటే ఇష్టమా అని అడిగారు. ఇష్టమేనని అత్త అందరి చేతా రాయించింది.

లేచేముందు ఇందుమతి గారే ఒక సంగతి చెప్పారు. ఆరో పేటలో ఖాళీ చోట్లు నలభై ఉన్నాయి. మారాలనుకున్న ఇల్లు ఉత్తర కార్తె దాటకుండా తనంతట తాను అక్కడికి మారవచ్చు. కట్టుగా కాదు. విడి ఇల్లుగా.

తిరుగు పడవలో లెక్క వేశాను. ఆరో పేటలో అరవై ఇళ్ళు. నలభై అయిదు వాళ్ళవి. కట్టు లేని పదిహేను ఇళ్ళు వంతు పార్టీవి. మావి ముప్పై ఒక్క ఇళ్ళు మారితే ఆ పేట ఒక్క ఓటుతో మాది. సభలో నలుగురం మేమే.

లెక్క సులువుగా తేలింది. ఆ పని మాత్రం మా వాళ్ళు చేయగలిగింది కాదు.

5. పుబ్బ కార్తె, చివరి రోజు

మా వాళ్ళు ఇంటి గొలుసు విప్పేది ఆ ఇంట్లో మనిషి పోయినప్పుడే. సముద్రం ఒకసారి పొంగి తీసి, ఒక పోటూ ఒక పాటూ అయ్యేవరకు ఆ ఇంటిని విడిగా వదిలి, మళ్ళీ కడతారు. బతికున్న ఇంటిని విప్పడం నేను ఎప్పుడూ చూడలేదు. అత్తా చూడలేదు.

అయినా అత్త అన్ని కట్టుల వాళ్ళనూ బడి ఆవరణలోకి పిలిచింది. నన్ను నిలబెట్టింది. మూడు వందల మంది ముఖాలు. నా గొంతు మొదటి వరసకు కూడా వినపడలేదు. నేను ఒక్కో మాట అంటుంటే, అత్త గట్టిగా అంది. నా మాటలు ఆవిడ నోట్లో వేరేగా వినిపించాయి. నేను "విడిపోతే" అన్నచోటల్లా ఆవిడ "ఇల్లు ఇప్పితే" అంది. అప్పుడు గాని జనానికి అర్థం కాలేదు.

తర్వాత మాటలు మొదలయ్యాయి. నా ఇల్లు విప్పాలంటే నేను చావాలని ఒక ముసలాయన అన్నాడు. సిస్టర్ల బడిలో బతికుండగానే పాడె కట్టుకోవడం నేర్పుతారా అని వెనక నుంచి ఎవరో అంటే కొందరు నవ్వారు. అత్త చెల్లెలు లేచి, ఇన్నేళ్ళకు మీ పక్కకు వస్తున్నాననుకుంటే నువ్వు వెళ్ళిపోతావా అక్కా అని అడిగింది.

తాతారావు గారు ఒక మూల నిలబడి అందరికీ నమస్కారాలు పెట్టారు.

అత్త చివరికి ఇంతే అంది.

"పోయినేడు మనింటి పక్క రెండిల్లు పోయినాయి. గొలుసులు గట్టివే. పట్టుకోలేకపోనాయి. నా ఇల్లు నేను ఇప్పుతాను. వచ్చీవోల్లు రండి."

చీకటి పడేలోపు ముప్పై నాలుగు ఇళ్ళు వస్తామని మాట ఇచ్చాయి. నేను ఇంటికి వచ్చి అన్నం తిన్నాను. రెండు రోజుల తర్వాత అన్నం రుచి తెలిసింది.

6. ఉత్తర కార్తె

లాంచీ పొద్దున్నే వచ్చింది. వచ్చిన ఇళ్ళు పదకొండు.

మిగతావాళ్ళు రాకపోవడానికి కారణాలు పంపారు. కోడలు నీళ్ళోసుకుందట. మావగారికి ఇష్టం లేదట. ఒకావిడ అర్ధరాత్రి గొలుసు కొక్కెం మీద చేయి వేసిందట, విప్పలేక ఏడుస్తూ కూర్చుందట. ఆవిడ మీద నాకు కోపం రాలేదు.

పదకొండుతో ఆ పేట గెలవలేమని నాకు తెలుసు. అత్తకు చెప్పాను, ఆగిపోదామన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు. మనం వెనక్కి తగ్గితే లాంచీలు ఇంకా తిరుగుతున్న ఈ రెండు రోజుల్లో రావాలనుకునేవాళ్ళు కూడా రారంది. ఆరో పేటలో ఇల్లు నమోదు చేసేటప్పుడు ఓటు నా పేరున రాయించింది. కాగితాలు చదివేది నువ్వే కదా అంది.

కొక్కెం తుప్పు పట్టి బిగుసుకుపోయింది. సుత్తితో కొట్టాల్సి వచ్చింది. నాలుగు దెబ్బలకు గొలుసు జారి నీళ్ళలో పడింది. పక్కింటివాళ్ళు తలుపులు వేసుకున్నారు. చావింటి గొలుసు విప్పినప్పుడు కూడా ఇలాగే వేసుకుంటారు. ఇల్లు ఒక్కసారి తేలికగా ఊగింది. దాని అసలు బరువు ఎంతో నాకు అప్పుడే తెలిసింది.

ఆ రెండు రోజుల్లో ఎవరూ రాలేదు.

7. హస్త కార్తె

ఆరో పేటలో ఇళ్ళు దూరం దూరంగా ఉంటాయి. పలకరించాలంటే కేక వేయాలి. నేను కేక వేయను కాబట్టి ఎవరితోనూ మాట్లాడలేదు. పక్కింటి సుగుణ గారే చిన్న పడవలో వచ్చి దోసకాయలు ఇచ్చారు. మేం ఎందుకు వచ్చామో ఆవిడకు తెలుసు. ఆవిడ ఖాయం పార్టీ. దాచుకోలేదు.

మూడేళ్ళ కిందట వంతు ప్రకారం వాళ్ళ పేట బయట ఉన్నప్పుడు ఆవిడ భర్త పోయాడట. "నాకు ఏ సిద్ధాంతం లేదమ్మా," అన్నారు. "మా పిల్లలు ఇంక బయట ఉండకూడదు. అంతే." అత్త ఆవిడకు రొయ్యల పొడి ఇచ్చి పంపింది.

నిన్న ఎన్నిక, ఇవాళ లెక్కింపు. మా పేటలో వాళ్ళకు నలభై అయిదు, మాకు ఇరవై ఆరు. మొత్తం పట్నంలో పోయిన ఎన్నికలో వంతు పార్టీకి వేసిన ఇళ్ళన్నీ ఈసారీ దానికే వేశాయి. మైకు పడవ ఆ అంకెలు చదువుతూ పోయింది. తర్వాత సీట్లు చదివింది. ఖాయం నాలుగు, వంతు మూడు. ఇదివరకు ఎవరికీ రానంత మెజారిటీ తాతారావు గారికి వచ్చింది. రెండో పేటలో టపాకాయలు కాల్చారు. మా పాత కట్టు వైపు నుంచే ఎక్కువ చప్పుడు వినిపించింది. గెలిచామనుకుంటున్నారు. గెలిచారు కూడా.

నాకు ముందే తెలిసిన అంకెలివి. కుంచెతో వేసి చూసినవి. అయినా మైకు పడవ కనుమరుగయ్యేదాకా వింటూ నిలబడ్డాను.

8. చిత్త కార్తె

కొత్త సభ మొదటి రోజే వంతు రద్దు చేసింది. నాలుగు ఓట్లు, మూడు ఓట్లు. నాలుగు, అయిదు, ఆరు, ఏడు పేటలకు మడుగులో శాశ్వతంగా చోటు. ఒకటి, రెండు, మూడు పేటలు గోడ బయట.

అత్త మజ్జిగ చిలుకుతోంది. కవ్వం ఆపి, మన పేట ఎన్నోది అని అడిగింది. తెలియక కాదు. ఆరు అన్నాను. అంటే లోపలే కదా అంది. అవునన్నాను.

ఆవిడ ముఖం అలా అవడం నేను ఎప్పుడూ చూడలేదు. పోయిన ఏడు ఇళ్ళు కొట్టుకుపోయినప్పుడూ చూడలేదు. మా వాళ్ళను లోపలికి తేవడానికి గొలుసు విప్పుకుని వచ్చాం. మేం పదకొండు ఇళ్ళ వాళ్ళం మాత్రం లోపల, వాళ్ళందరూ బయట.

"అందరూ ఏటనుకుంటారే," అంది. "ముందే తెలిసి ఎల్లిపోయినాదనుకుంటారు."

అలా అనరని చెప్పబోయాను. అప్పటికే అంటున్నారు. రొయ్యల రేవులో నా చెవులతో విన్నాను.

9. స్వాతి కార్తె

రేపు మధ్యాహ్నానికి గోడ తలుపు మూసేస్తారు. ఆకాశం బూడిద రంగులో ఉంది. చోటు ఖాయమైన నాలుగు పేటల ఇళ్ళన్నిటినీ మడుగులోకి లాగేశారు.

గోడ కాపలావాళ్ళు ప్రతి ఇంటి పీపాల మీద ఎర్ర గీత వేశారు. ఆ గీత మునిగేంత బరువు ఎక్కితే ఇంటిని బయటికి లాగేస్తారు. పీపా లోతుకు దిగితే అలకు అదుపు తప్పి పక్కింటిని గుద్దుతుందట. గీత మునగకుండా ఎంతమందిని పెట్టుకున్నా వాళ్ళు పట్టించుకోరు. బియ్యం బస్తా, మంచం, బీరువా తీసేశాం. అత్త పడవలో గోడ బయటికి వెళ్ళి మా వాళ్ళ పిల్లల్ని నలుగుర్ని తెచ్చింది. గీత నీళ్ళను తాకింది. మాతో పాటు గొలుసు విప్పుకుని వచ్చిన మిగతా పది ఇళ్ళూ ఇలాగే నిండాయి. సుగుణ గారు తన ఇంట్లో ఇద్దరికి చోటు ఉందని చెప్పి, ఎవరి పిల్లలని అడగకుండా తీసుకున్నారు.

ఇవాళ పొద్దున అత్త తన చీరలు రెండు మూట కట్టింది. నేను వెళ్తాను, నువ్వుండు అన్నాను. మాటలు తడబడుతూనే గట్టిగానే అన్నాను. ఓటు ఎవరి పేరున ఉందని అడిగింది. ఓటు ఉన్న మనిషి ఇంట్లో లేకపోతే చోటు పోతుంది. చోటు పోతే వచ్చే ఎన్నికకు ఆరో పేటలో ఇరవై అయిదే.

"నా బరువుకి ఇద్దరు పిల్లలు సరిపోతారు," అంది. "లెక్క నువ్వే నేర్పినావు."

నన్ను ముద్దు పెట్టుకోలేదు. మాకు అలవాటు లేదు. నా జడ విప్పి మళ్ళీ బిగించి వేసి, పడవ ఎక్కింది. గంట తర్వాత అదే పడవ ఇద్దరు ఆడపిల్లలతో తిరిగి వచ్చింది. అత్త చెల్లెలి మనవరాళ్ళు. పడవ నడిపినాయన, మీ అత్త చెల్లెలింట్లో దిగింది అని చెప్పాడు. వాళ్ళేమన్నారని అడిగాను. ఏమీ అనలేదు, గొలుసు బిగించమని కొక్కెం తెచ్చి ఆవిడ చేతికిచ్చారు అన్నాడు.

10. మర్నాడు

తలుపు మూశారు. చప్పుడుకు చిన్న పిల్లలు ఇద్దరు ఏడ్చారు. నాకు పిల్లల్ని ఊరుకోబెట్టడం రాదు. లైబ్రరీ నుంచి తెచ్చిన పుస్తకం తీసి చదివాను. వినలేదు. తర్వాత గంజి కాచాను, తాగారు.

గాలి మొదలైంది. గోడకు అవతల నుంచి అల కొట్టినప్పుడల్లా ఇల్లు చిన్నగా అదురుతోంది. ఇక్కడ నీళ్ళు మాత్రం గిన్నెలో నీళ్ళలా ఉన్నాయి.

అత్త చెల్లెలి పెద్ద మనవరాలికి ఏడేళ్ళుంటాయి. ఏడవలేదు. కిటికీ దగ్గర నిలబడి చాలాసేపు మడుగును చూసింది. మా ఇంటికీ సుగుణ గారి ఇంటికీ మధ్య, అవతలా, ఇంకా అవతలా, ఖాళీ లంగరు చోట్లు. కొత్త చట్టం ప్రకారం అవి ఆరో పేటవి. వేరే పేట ఇల్లు అక్కడ కట్టకూడదు.

ఆ పిల్ల నా కొంగు లాగి, ఇక్కడ ఇంకా చోటుందా పిన్నీ అని అడిగింది.

ఉంది అన్నాను.